మొద్దు మళ్లీ ఎందుకు ఇగురు పెట్టింది?

నల్గొండ జిల్లా చిట్యాలలో మా వీధి చివరింటి పెద్దాయన మొన్న పొద్దున్నే వచ్చి గేటు పట్టుకొని నిలబడ్డాడు. "తమ్మీ, యాప చెట్టు కొట్టిచ్చి మూడేండ్లాయె. మళ్ల మొలుస్తనే ఉన్నది. నెలకోపారి కత్తి పట్టుకొని పోయి కొడుతున్న. కొట్టినకొద్ది గుబురైతున్నది. ఏంది దీని కథ? ఇది సావదా?"

చెట్ల గురించి రాస్తుంటానని తెలిసినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఒకరికి వేప, ఒకరికి కానుగ, ఇంకొకరికి సుబాబుల్. చెట్టు పేరు మారుతుంది, బాధ మారదు. చూడకుండా చెప్పడం ఎందుకని ఆయన వెంట వెళ్లాను.

వీధి గోడ పక్కన ఉంది ఆ మొద్దు. నేలకు జానెడు ఎత్తున కోశారు. వెడల్పు ఒక పెద్ద తాంబాళమంత. కోసిన ముఖం ఎండి బూడిదరంగుకు తిరిగింది. నడుమ నుంచి అంచుల దాకా పగుళ్లు, పగుళ్లలో గండుచీమలు. అంచు చుట్టూ మాత్రం దండ గుచ్చినట్టు పిలకలు. కూర్చొని లెక్కపెడితే ఇరవై ఏడు తేలాయి. కొన్ని బొటనవేలంత లావు, కొన్ని ఎర్రటి లేత ఆకులతో నిన్నమొన్న వచ్చినవి.

"కాకా, ఒకటి చూసినవా? అన్నీ అంచుకే ఉన్నయి. నడుమల ఒక్కటన్న ఉన్నదా?" అన్నాను.

ఆయన వంగి చూశాడు. ఒక్కటీ లేదు.

చెట్టు మాను లోపలంతా బతికి ఉండదు. నడుమనున్న చేవ ఎప్పుడో ప్రాణం పోయిన కట్టె. చెట్టును నిలబెట్టడానికి తప్ప ఇక దానికి పనిలేదు. దాని చుట్టూ ఉన్న లేత కట్టె నీళ్లు మోస్తుంది. అసలు పెరుగుదలంతా బెరడుకూ కట్టెకూ మధ్యనున్న పలచని పొరలో జరుగుతుంది. పచ్చి కొమ్మ బెరడు గోటితో గీకితే తడిగా, జారుడుగా తగిలేది అక్కడే. నిద్రపోయే మొగ్గలు ఆ బెరడు చాటునే ఉంటాయి. చెట్టు చిన్న మొక్కగా ఉన్నప్పుడు ఆకుల మొదట్లో పుట్టి, విచ్చుకోకుండా ఉండిపోయినవి అవి. మాను లావెక్కుతుంటే అవి కూడా బెరడుతో పాటు బయటికి జరుగుతూ, ఏళ్లకేళ్లు కంటికి కనిపించకుండా వేచి ఉంటాయి. కోత పడ్డప్పుడు అంచున గాయం మానడానికి పుట్టే కండలోంచి కూడా కొత్త మొగ్గలు రావచ్చు. ఎలా వచ్చినా రావలసింది అంచు నుంచే.

అన్నేళ్లు నిద్రపోయినవి ఇప్పుడే ఎందుకు లేచాయి? కొమ్మల కొసల్లో ఎదిగే చిగుళ్లు ఆక్సిన్ అనే పదార్థాన్ని తయారుచేసి కిందికి పంపుతుంటాయి. అది దిగుతున్నంత కాలం కింది మొగ్గలు లేవవు. తులసి కొసలు గిల్లితే పక్కల నుంచి గుబురుగా రావడం, కరివేపాకు నెత్తి తుంచితే నాలుగు కొమ్మలేయడం మనకు తెలిసిందే. అదీ ఇదీ ఒకటే. చెట్టునే నరికేస్తే పైనుంచి వచ్చే ఆ ఆజ్ఞ ఒక్కసారిగా ఆగిపోతుంది. కింద వేర్లు మాత్రం బతికే ఉన్నాయి. వాటి కొసల్లో సైటోకైనిన్ అనే ఇంకో పదార్థం తయారై పైకి వస్తుంది, అది మొగ్గలను లేపుతుంది. ఒకటి కాదు, పదులకొద్దీ ఒకేసారి లేస్తాయి.

అయితే లేవగానే సరిపోదు, తినడానికి ఉండాలి. ఆకు లేదు, ఎండను పట్టుకొని తిండి వండే చోటే లేదు. మరి ఆ ఇరవై ఏడు పిలకలకు తిండి ఎక్కడిది?

మన పాత ఇళ్లలో వడ్లు పోసే గుమ్మి గుర్తుందా? పండిన ఏడు నింపుకొని, పండని ఏడు తీసుకొని తినే గుమ్మి. చెట్టుకు వేర్లే గుమ్మి. ఆకులు వండినదాంట్లో మిగిలింది పిండిపదార్థంగా మారి వేర్లలో, మొదట్లో నిల్వ ఉంటుంది. పెద్ద చెట్టు ఏళ్లుగా నింపుకున్న గుమ్మి అది. మాను కోసినా గుమ్మి అలాగే ఉంది. గింజ నుంచి మొలిచిన వేప మొక్క మొదటి ఏడాది మోకాలెత్తుకు రావడానికి కష్టపడుతుంటే, మొద్దు మీది పిలక ఒక్క వానాకాలంలో మనిషెత్తు దాటడానికి కారణం ఈ నిల్వే. చిన్న మొక్కకు చిన్న వేరు. ఈ పిలకకు ముసలి చెట్టు వేరంతా చేతికింద ఉంది.

ఇది అర్థమైతే మొద్దుతో ఏం చేయాలన్నది సగం తేలిపోతుంది. మన పోరాటం పిలకతో కాదు, గుమ్మితో. ప్రతి పిలకా మొదట గుమ్మిలోంచి తీసుకొని పెరుగుతుంది. ఆకులు ముదిరి, ఎండను బాగా పట్టుకోవడం మొదలయ్యాక తిరిగి గుమ్మిలో పోస్తుంది. తీసుకున్న తరువాత, పోయకముందు తుంచితే చెట్టుకు నష్టం. పోశాక నరికితే నష్టం మనకే.

కాకా ఎక్కడ తప్పిపోయాడో అడిగితే తెలిసింది. "నెలకోపారి" అన్నది ఎండాకాలం మాట. వానలు పడ్డాక పత్తి చేను పని, తర్వాత పత్తి ఏరుడు. మూడు నాలుగు నెలలు ఈ వైపు చూడలేదు. సరిగ్గా ఆ నెలల్లోనే తడి ఉంటుంది, ఎండ ఉంటుంది, ఆకు దండిగా ఉంటుంది. ఎండాకాలమంతా ఖాళీ చేసిన గుమ్మి వానాకాలంలో మళ్లీ నిండింది. రెండో తప్పు కత్తిది. నిలబడి కత్తితో కొడితే పిలక మొదట్లో బెత్తెడు మోడు మిగులుతుంది. ఆ బెత్తెడులో మూడు నాలుగు కణుపులు, ప్రతి కణుపు దగ్గరా ఒక మొగ్గ. ఒక పిలకను కొడితే నాలుగు వస్తాయి. గుబురు కావడానికి కారణం కొట్టడమే.

కత్తి వద్దు. పిలక జానెడు దాటకముందే, లేతగా ఉండగానే, చేత్తో పట్టి కిందికి గుంజాలి. మడమతో సహా, అంటే మొద్దును అంటుకున్న చోటుతో సహా ఊడి వస్తుంది. దాని అడుగునున్న మొగ్గలు కూడా దానితోపాటే పోతాయి. వానాకాలంలో పది రోజులకోసారి, మిగతా రోజుల్లో రెండు మూడు వారాలకోసారి చూస్తే చాలు. పది నిమిషాల పని. ఒక్క ఆకు కూడా ముదరనీయకూడదు, అంతే నియమం. చిన్న చెట్టు మొద్దయితే ఏడాదిలో అలిసిపోతుంది, పెద్దదైతే రెండు మూడేళ్లు పట్టవచ్చు. ఓపిక లేనివాళ్లకు ఇది నచ్చదని తెలుసు. కానీ రూపాయి ఖర్చు లేనిది, పక్క చెట్టుకు హాని చేయనిది ఇదే. నేను ముందుగా చెప్పేది కూడా ఇదే.

పనిని తొందర చేసే దారి ఒకటుంది. మొద్దు చుట్టూ మట్టిని జానెడు లోతు తవ్వి, గొడ్డలి మొనతో బెరడంతా కట్టె తేలేదాకా ఒలిచేయాలి. నిద్రమొగ్గలు బెరడు చాటునే ఉంటాయి కాబట్టి బెరడు పోతే అవీ పోతాయి. మొద్దుకూ వేరుకూ మధ్యనున్న మెడ భాగంలోనే మొగ్గలు ఎక్కువ. మొద్దును నేలమట్టానికి కోసి వదిలేస్తే ఆ మెడ మట్టిలో చల్లగా దాక్కుంటుంది. సర్కారు తుమ్మను చూస్తే ఇది బాగా తెలుస్తుంది. 1870ల చివర కడప జిల్లా వైపు విత్తనం తెచ్చి నాటిన ఆ తుమ్మ ఇవాళ మన చెరువు గట్లనూ, బీళ్లనూ ఆక్రమించింది. ఏటా కట్టెల కోసం కొడుతూనే ఉంటారు, ఏటా కంప రెట్టింపవుతూనే ఉంటుంది. మెడకు దిగువన, మట్టి లోపల వేరును కోస్తే తప్ప అది ఆగదు. పైన ఎంత కోసినా దానికి మనం కొమ్మలు కత్తిరించి సేవ చేసినట్టే.

అన్ని చెట్లూ ఇలా లేవవు. తాటి, ఈత, కొబ్బరికి ఉన్నది నెత్తిమీది ఒక్క మొవ్వే. అది పోతే చెట్టు పోయినట్టే, కింద నిద్రమొగ్గలు లేవు. గీత పని తెలిసిన మా గౌడన్నలు మొవ్వును కంటికి రెప్పలా కాపాడేది అందుకే. వేప, కానుగ, సుబాబుల్, టేకు, జామాయిల్, మునగ, చింత, మర్రి, రావి, రోడ్ల మధ్య డివైడర్లలో పెంచిన కోనోకార్పస్, ఇవన్నీ లేచేవే. కోనోకార్పస్ పుప్పొడితో ఇబ్బందులంటూ గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది. మన దగ్గరా నాటవద్దన్నారు. కొట్టేసిన చోట మొద్దు వదిలేస్తే ఆరు నెలల్లో మళ్లీ అంతే పచ్చగా నిలబడుతుంది. కొట్టమని చెప్పేవాళ్లు మొద్దు సంగతి కూడా చెప్పాలి.

వేపకూ కానుగకూ ఇంకో గుణం ఉంది. మొద్దు మీదే కాదు, దూరంగా వేరు మీద కూడా పిలకలేస్తాయి. గడ్డపార తగిలి వేరు గాయపడితే చాలు, ఆ చోట లేస్తుంది. కాకా ఇంట్లో కూడా పెరటి వైపు, మొద్దుకు పన్నెండు అడుగుల దూరంలో నడుమెత్తు వేప పిల్ల ఒకటి కనిపించింది. "అది గింజ పడి మొలిచింది" అన్నాడాయన. పక్కన మట్టి తీసి చూస్తే కింద చేతి మణికట్టంత వేరు అడ్డంగా పోతోంది. గింజ మొక్క కాదు, పాత చెట్టు కూతురే. ఆ పిల్ల సంగతి మళ్లీ చెబుతాను.

ఇంతకీ చెట్టును ఎందుకు కొట్టించాడు? నాకు నిజంగా బాధ కలిగింది ఇక్కడే. "ఎండిపోయింది గద తమ్మీ. ఊరి యాపలన్నీ ఎండిపోయినయి ఆ ఏడు."

2021 వానాకాలం వెళ్తుండగా తెలంగాణ అంతటా వేప చెట్లు కొసల నుంచి ఎండడం మొదలైంది. మా జాతీయ రహదారి పక్కన, ఊళ్లలో, చేల గట్ల మీద నిప్పుకు మాడినట్టు నిలబడిన వేపల్ని చూసి జనం భయపడ్డారు. వేపకే రోగం వస్తే ఇక మిగిలేదేమిటన్నారు. శాస్త్రవేత్తలు చెప్పింది ఇది: ఫోమాప్సిస్ అజాడిరక్టే అనే శిలీంధ్రం లేత రెమ్మల్ని ఎండగొడుతోంది, టీ దోమ అనే పురుగు రసం పీల్చి చేసిన గాయాలు దానికి తోడయ్యాయి. రోగం రెమ్మలది, వేరుది కాదు. కొసలు మాడాయి, మాను బతికే ఉంది, గుమ్మి నిండుగానే ఉంది. 2022 ఎండాకాలం వచ్చేసరికి ఆ చెట్లలో చాలావాటికి కొత్త ఆకు వచ్చింది. తరువాతి ఏళ్లలోనూ వానాకాలం చివర మళ్లీ మాడడం, మళ్లీ లేవడం చూస్తున్నాం.

ఆ నాలుగైదు నెలలు ఆగలేక కొట్టేసిన చెట్లు ఎన్నో. కాకా కొంతకాలం ఆగాడు కానీ, మరుసటి ఏడు మళ్లీ మాడేసరికి నమ్మకం పోయింది. కోతమిషన్ తెప్పించాడు. చచ్చిందని కొట్టిన చెట్టు మొద్దు మీద ఇరవై ఏడు పిలకలు ఉన్నాయంటే, అది చావలేదన్నమాట.

కోసిన కాలం కూడా పిలకల బలాన్ని నిర్ణయిస్తుంది. వేప మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలుస్తుంది, ఉగాది ముందు కొత్త ఆకు, ఆ వెంటే పూత. ఆ కొత్త ఆకంతా వచ్చేది గుమ్మిలోంచే. ఉగాది పచ్చడికి పూత కోసుకునే రోజుల్లో చెట్టు గుమ్మి అడుగంటి ఉంటుంది. ఆకు రాలాక, చిగురు రాకముందు కొడితే గుమ్మి నిండుగా ఉండగా కొట్టినట్టు. పిలకలు ఉరుకుతూ వస్తాయి. కొత్త ఆకు పూర్తిగా విచ్చుకున్నాక, చైత్ర వైశాఖాల్లో కొడితే పిలకలు తక్కువ, బలహీనం. పైగా నెత్తిన ఎండాకాలం. చెట్టు మళ్లీ లేవాలని కోరుకునేవాళ్లు మొదటి కాలంలో, లేవకూడదనుకునేవాళ్లు రెండో కాలంలో కొట్టాలి. కాకా కొట్టించింది సంక్రాంతి పోయాక. అడగకుండానే లేచే కాలం ఎంచుకున్నాడు.

కొట్టడానికి చాలా ముందే చెట్టును అలసిపోయేలా చేసే పద్ధతి కూడా ఉంది. మాను చుట్టూ బెత్తెడు వెడల్పున బెరడును కట్టె దాకా వలయంగా తీసేస్తారు. నీళ్లు కట్టెలోంచి పైకి పోతూనే ఉంటాయి, ఆకులు వండుతూనే ఉంటాయి, కానీ వండింది కిందికి దిగే దారి బెరడులో ఉంది కాబట్టి వేర్లకు అందదు. గుమ్మిలోంచి తీయడమే తప్ప పోయడం ఉండదు. బర్మా అడవుల్లో టేకు చెట్లను కొట్టడానికి రెండు మూడేళ్ల ముందు ఇలా వలయం కోసి నిలబెట్టే ఎండబెట్టేవారు. పచ్చి టేకు నీళ్లలో మునుగుతుంది, ఎండినది తేలుతుంది. దుంగల్ని నదుల మీద దింపాలంటే అదే దారి. ఇళ్ల మధ్య ఉన్న పెద్ద చెట్టుకు మాత్రం ఈ పని చేయవద్దు. ఎండి నిలబడిన చెట్టు ఏ ఈదురుగాలికి ఎవరి రేకుల మీద పడుతుందో తెలియదు.

ఇక మందులు. అడిగేవాళ్లలో సగం మంది అసలు అడిగేది "ఏం పోస్తే చస్తుంది?" అనే.

ఉప్పు పోయమంటారు. పెద్ద మొద్దుకు పనిచేయాలంటే తట్టలకొద్దీ పోయాలి. ఆ ఉప్పు మొద్దులోనే ఆగదు, వానతో మట్టిలోకి దిగుతుంది. పక్కనున్న మొక్కలు పోతాయి, గోడ పునాదిలోని ఇనుము తుప్పుపడుతుంది. ఫ్లోరైడ్ నీళ్లతో తరాలు నడుములు వంగిపోయిన జిల్లా మనది. భూమిలోకి ఏం పోస్తున్నామన్నది మనకంటే బాగా ఎవరికి తెలియాలి? డీజిల్, కిరోసిన్, వాడేసిన ఇంజన్ ఆయిల్, బాత్రూం కడిగే యాసిడ్, వీటికీ అదే మాట. బోరు ముప్పై అడుగుల దూరంలో పెట్టుకొని ఈ పని చేయకూడదు. బెజ్జం వేసి ఇంగువ ముద్ద పెడితే చెట్టు చస్తుందన్న మాట మా చిన్నప్పటి నుంచీ వింటున్నాను. బెజ్జం ఒక గాయం. చెట్టు ఆ గాయం చుట్టూ గోడ కట్టుకొని బతికేస్తుంది. ఇంగువ పులుసులోకే మంచిది.

నిప్పు పెట్టడం ఇంకో అలవాటు. ఎండిన మొద్దుకు నిప్పు పెడితే అది లోపల్లోపల వేరు వెంట రోజుల తరబడి రగులుతుంది. పైకి ఆరినట్టు ఉంటుంది, పది అడుగుల అవతల పొగ లేస్తుంది. కరెంటు తీగ, నీళ్ల పైపు, గోడ ఉన్నచోట ఇది ప్రమాదం. పిల్లలు తిరిగే ఇంట్లో అసలే వద్దు.

గడ్డి మందు సంగతి గట్టిగా చెప్పాలి. పారాక్వాట్ తగిలిన ఆకును మాడుస్తుంది తప్ప వేరులోకి దిగదు, మొద్దుకు దానివల్ల ఏమీ కాదు. మనిషి కడుపులోకి పోతే మాత్రం విరుగుడు లేదు. ఆ డబ్బా ఇంట్లో ఉండడమే ముప్పు. గ్లైఫోసేట్ వేరులోకి దిగే రకం. దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల చేత తప్ప ఎవరూ వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. లైసెన్సు ఉన్నవాళ్ల చేత వేయించదలచుకున్నా రెండు విషయాలు తెలిసి ఉండాలి. ఒకటి, మందు పట్టేది కోసిన కొద్ది నిమిషాల్లోనే, అంచునున్న తడి పొర మీదే. మూడేళ్ల కింద కోసి ఎండిన ముఖం మీద ఎంత పోసినా చచ్చిన కట్టెకు పోసినట్టే. రెండు, వేర్లు ఎక్కడెక్కడ కలిసి ఉన్నాయో పైనుంచి కనిపించదు. ఒకే జాతి చెట్లు పక్కపక్కన ఉంటే వేర్లు అతుక్కొని పోతాయి. న్యూజిలాండ్‌లో ఒక్క ఆకు కూడా లేని కౌరీ చెట్టు మొద్దు ఏళ్లుగా బతికే ఉండడం చూసి ఆక్లాండ్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు దాని రహస్యం వెతికారు. చుట్టూ ఉన్న కౌరీ చెట్ల వేర్లు దాన్ని పోషిస్తున్నాయని 2019లో ప్రకటించారు. అలా తిండి పోయే దారిలో మందు కూడా పోతుంది. మీరు మొద్దుకు పూసింది పక్కింటి చెట్టును చంపవచ్చు.

కాకాకు ఈ మాట చెప్పడానికి వేరే కారణం కూడా ఉంది. పెరట్లోని ఆ నడుమెత్తు పిల్ల ఇదే వేరు మీద బతుకుతోంది. మొద్దుకు మందేస్తే ముందు పోయేది అదే.

గోడ పక్కన ఆయన మడిగ, అంటే దుకాణం గది, కట్టుకోవాలనుకుంటున్నాడు. పునాది తీయాలి కాబట్టి మొద్దు ఉండడానికి వీల్లేదు. అప్పుడు తవ్వడమొక్కటే దారి. తవ్వించేవాళ్లకు నా మాట ఒకటే: చెట్టును నేలమట్టానికి కోయించకండి. మొద్దును తీసేయాలనుకుంటే ఛాతీ ఎత్తున మాను వదలాలి. చుట్టూ కందకం తీసి పక్క వేర్లు గొడ్డలితో కోశాక, ఆ ఎత్తు మానుకు తాడేసి గుంజితే అదే మీటలా పనిచేసి అడుగు వేరును కదిలిస్తుంది. జానెడు మొద్దుకు పట్టు ఎక్కడ దొరుకుతుంది? కాకా మొద్దుకు ఇక ఆ అవకాశం లేదు, జేసీబీనో, నలుగురు మనుషులు రెండు రోజులు గడ్డపారలతోనో కావాలి. మా ఎర్ర చెల్క నేల ఎండాకాలంలో రాయిలా ఉంటుంది. రెండు మంచి వానలు పడ్డాక తవ్వితే సగం శ్రమ తగ్గుతుంది. పైపులు, సెప్టిక్ ట్యాంకు ఎటున్నాయో ముందే చూసుకోవాలి.

తవ్వకుండా వదిలేస్తే దానంతటదే కుళ్లిపోదా? కుళ్లుతుంది, తడి ఉంటే. ఏడాదికి 700 మిల్లీమీటర్లు అటూఇటూ వాన పడే మా దగ్గర మొద్దు ఏళ్లకేళ్లు ఎండి ఉండిపోతుంది. ఊరికి దూరంగా చేనులో ఉంటే పరవాలేదు. బర్మాతో లోతుగా బెజ్జాలు వేసి, కాస్త యూరియా నింపి, పేడనీళ్లు పోసి, మట్టి కప్పి తడిగా ఉంచితే బూజు తొందరగా పట్టి మెత్తబడుతుంది. ఇంటి గోడ పక్కన మాత్రం ఆ ఆలోచన వద్దు. మా నేలల్లో ముందుగా వచ్చేది బూజు కాదు, చెదలు. మొద్దు అయిపోయాక అవి దర్వాజా చౌకట్టుకు వస్తాయి. చెదలు ఏం చేయగలవో పాలమూరు పిల్లలమర్రిని చూసినవాళ్లకు తెలుసు. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పుకునే ఆ మర్రి కొమ్మ 2017 డిసెంబరులో విరిగిపడింది. 2018లో అటవీ శాఖవాళ్లు చెదల మందును నీళ్లలో కలిపి సెలైన్ సీసాలతో చుక్కచుక్కగా దాని మానులోకి ఎక్కించారు. ఊడలకు గొట్టాలు తొడిగి నేలదాకా దింపారు. ఒక చెట్టును బతికించడానికి ఆసుపత్రిలో రోగికి చేసినట్టు చేశారు. అక్కడికి వెళ్లినప్పుడల్లా నాకు మనసు నిండుతుంది.

మళ్లీ చిగురించడాన్ని శత్రువులా చూడని పనులు మన చుట్టూ చాలా ఉన్నాయి. టేకు నర్సరీల్లో అమ్మే స్టంపు ఏమిటి? ఏడాది మొక్కను పీకి, పైన రెండు వేళ్ల మేర కాండం, కింద జానెడు వేరు ఉంచి మిగతాది కోసేసిన ముక్క. వేలెడు లావు మొద్దు. దాన్ని గుంతలో పెడితే ఇదే గుణంతో లేచి టేకు చెట్టవుతుంది. జామాయిల్ వేసిన రైతు ఒకసారి నాటి రెండు మూడు కోతలు తీసుకునేదీ, మునగ తోటను ఏటా నడుమెత్తుకు నరికి కొత్త కాపు రప్పించేదీ ఇలాగే.

బత్తాయి రైతులకు మాత్రం ఒక హెచ్చరిక. నల్గొండ బత్తాయి చాలావరకు రంగపూర్ నిమ్మ లాంటి వేరుమూలం మీద అంటుకట్టినదే. చెట్టు కొట్టాక అంటుకు దిగువ నుంచి లేచేది బత్తాయి కాదు, ముళ్లతో వచ్చే నిమ్మ. పచ్చగా ఉందని మురిసి నాలుగేళ్లు నీళ్లు పెట్టినా కాసేది పుల్లటి కాయే. అంటు మామిడికీ ఇదే వర్తిస్తుంది. పిలక ఎక్కడి నుంచి లేచిందో చూసిన తరువాతే ఉంచాలా, తీయాలా అన్నది నిర్ణయించుకోండి.

మడిగ కట్టే పని లేకపోయుంటే ఆ మొద్దు మీదే ఒక పిలకను చెట్టు చేసుకోమని కాకాకు చెప్పేవాణ్ని. అందరూ పొడవైన పిలకను ఉంచుతారు, అది తప్పు. మొద్దు పై అంచు నుంచి లేచినది ఎంత లావైనా పట్టు తక్కువ. మొద్దు కుళ్లేకొద్దీ దాని మొదలు కూడా గుల్లవుతుంది, ఎండాకాలపు గాలివానకు చీలి పడిపోతుంది. నేలకు ఆనుకొని, వీలైతే మట్టిలోంచి లేచిన పిలకను ఎంచుకోవాలి. అది సొంత వేర్లు కూడా వేసుకుంటుంది. మొదటి ఏడాది మూడింటిని ఉంచి మిగతావి పీకేయాలి. మరుసటి ఏడు గాలికి నిలిచినదాన్ని ఒక్కదాన్ని ఉంచాలి. పైన కరెంటు తీగ ఉందేమో మాత్రం ముందే తలెత్తి చూసుకోండి.

కాకాకు అంతకంటే మంచిది దొరికింది. పెరటి పిల్ల గోడకు దూరంగా ఉంది, నెత్తిన తీగ లేదు, సొంతంగా సన్నవేర్లు దండిగా వేసింది. వానలు పట్టాక, మొద్దు తవ్వేముందు, మొద్దుకూ దానికీ మధ్యనున్న వేరును పిల్లకు నాలుగడుగులు వదిలి గొడ్డలితో కోయమన్నాను. దాని వాటా వేరు దానికి మిగులుతుంది. మొద్దు పోయినా అది బతుకుతుంది. "అంటే మా అయ్య పెట్టిన చెట్టే అన్నట్టు" అన్నాడాయన. అవును, అదే చెట్టు.

చెట్టు కొట్టాలనుకునేవాళ్లు ఇంకో సంగతి మరవద్దు. 2002 నాటి వాల్టా చట్టం కింద సొంత స్థలంలోని చెట్టుకైనా ముందు అనుమతి తీసుకోవాలి. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. మీది ఏ కోవకు వస్తుందో అటవీ శాఖ ఆఫీసులో అడిగితే చెబుతారు.

ఈసారి వానాకాలం చివర మీ ఇంటి వేప మళ్లీ మాడితే, కోతమిషన్‌కు ఫోన్ చేసే ముందు మాను మీద రెండు మూడు చోట్ల చాకు మొనతో గోరంత బెరడు గీకి చూడండి. కింద పచ్చగా, తడిగా ఉంటే చెట్టు బతికి ఉంది. ఉగాది దాకా ఆగండి.